మా ఇంట్లో మూడో బండీ అదే కంపెనీది, ఈసారి మాత్రం అప్పుడే తుప్పు. మీకూ ఇంతేనా?

దిండి_రేవు
మాది మలికిపురం దగ్గర పల్లెటూరు. ఇప్పటికి మా ఇంట్లో మూడు కార్లు కొన్నాం, మూడూ ఒకే కంపెనీవి. 2008లో నాన్న కొన్న చిన్న బండి, 2014లో బావగారికి దగ్గరుండి ఇప్పించిన సెడాన్, 2022 డిసెంబర్లో నేను తీసుకున్న కాంపాక్ట్ ఎస్‌యూవీ. మొదటి రెండిటి మీద ఒక్క కంప్లయింట్ లేదు. నాన్న బండికి 2023లో ఆర్సీ రెన్యూవల్ కూడా చేయించాం. ఇప్పటికీ కొబ్బరికాయల బస్తాలు మోస్తోంది.

నా బండికి రెండున్నరేళ్ళు. 31 వేల కిలోమీటర్లు తిరిగింది. అప్పుడే డిక్కీ డోరు కింది అంచున పెయింటు బుడగల్లా లేచింది, గోటితో గీకితే లోపల ఎర్రగా తుప్పు. వెనక ఎడమ డోరు అంచు రబ్బరు బీడింగ్ ఊడి వేలాడుతోంది. కాలువ గట్టు రోడ్డెక్కితే డ్యాష్‌బోర్డు లోపల ఎవరో వేరుశనక్కాయలు వేయిస్తున్నట్టు చప్పుడు. డోరు వేస్తే నూనె డబ్బా మూత పడినట్టుంటుంది.

షోరూంలో అడిగితే "సముద్రం గాలి సార్, మా చేతుల్లో ఏముంది" అన్నారు. నాన్న బండి కూడా అదే గాలికి, అదే కొబ్బరిచెట్టు కింద పదిహేడేళ్ళ నుంచి ఉంది కదా? దానికి రాని తుప్పు దీనికెందుకు వచ్చింది? కంపెనీ నాణ్యత తగ్గించేసిందా, నాకే ఖర్మకాలి ఇలాంటిది తగిలిందా?

గట్టు_కాపలా (మోడరేటర్)
కంపెనీ పేరు, షోరూం పేరు రాయలేదు, సంతోషం. మిగతావాళ్ళు కూడా అలాగే రాయండి. పోయిన ఏడాది గొడవ చాలు నాకు.

కాకినాడ_కాజా
పేరు లేకపోతే మజా ఏంటంటే, ప్రతివాడూ తన బండి గురించే అనుకుని జవాబిస్తాడు. చూస్తూ ఉండండి.

రావులపాలెం_అరటి
మైలేజ్ ఎంతిస్తుందండీ?

దిండి_రేవు
అరటి గారూ, నేను తుప్పు గురించి అడిగితే మీరు మైలేజ్ అడుగుతారేంటండి బాబూ. 16 ఇస్తుంది.

భీమారం_రొయ్య
ఏ మోడలో మెసేజ్‌లో అడిగి తెలుసుకున్నాను. నాకూ అదే ఉంది, 2021ది. చెరువుల మీదకి తిరగడానికి అదే కంపెనీది పాత బండి ఇంకోటి ఉంది. రెండిటికీ తుప్పు పట్టింది తమ్ముడూ. పాతదానికి ఆరో ఏట, కొత్తదానికి మూడో ఏట.

కానీ ఒక మాట అడుగుతాను. నాన్నగారు 2008లో బండి కొన్నప్పుడు మీ ఇంటి చుట్టూ ఏముంది? ఇప్పుడేముంది?

దిండి_రేవు
అప్పుడు ఇంటి ముందు వరి చేలు. ఇప్పుడు రోడ్డవతల రెండు రొయ్యల చెరువులు. రాత్రంతా నీళ్ళు చిలికే ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి.

భీమారం_రొయ్య
అదీ సంగతి. ఆ ఏరేటర్లు లేపే తుంపర సాయంత్రం గాలికి మీ ఇంటి మీదకే వస్తుంది. వెనామీ రొయ్యల చెరువులో నీళ్ళు చప్పగా ఉండవు కదా. పైగా రొయ్యల వ్యాన్లు దారిపొడుగునా నీళ్ళు కార్చుకుంటూ పోతాయి, మన బండి వాటి వెనకే పోతుంది. టైరు చిమ్మిన ఉప్పునీరంతా డిక్కీ కింది అంచుకే. నేను రొయ్యల మనిషినే, నా తప్పు కూడా ఉంది ఇందులో. అందుకే వారానికోసారి బండి కిందంతా బోరు నీళ్ళతో కడిగిస్తాను. మా బోరు నీళ్ళూ ఉప్పనే అని తర్వాత తెలిసింది, అది వేరే కథ.

కాకినాడ_కాజా
ఉప్పుని ఉప్పుతో కడిగిన మహానుభావుడు.

ఎర్రవంతెన_అభిమాని
ఇదంతా ఓవర్ అండీ. పదేళ్ళ నుంచి ఈ కంపెనీయే వాడుతున్నాను. ఏ ప్రాబ్లం లేదు. సరిగ్గా మెయింటెయిన్ చేయనివాళ్ళకే అన్నీ వస్తాయి. సర్వీసు టైముకి చేయించారా అసలు?

దిండి_రేవు
అన్నీ షోరూంలోనే చేయించాను అన్నా, బిల్లులున్నాయి. సర్వీసు టైముకి చేయిస్తే డిక్కీ డోరుకి తుప్పు ఎలా ఆగుతుందో కూడా మీరే చెప్పండి.

తణుకు_తాతయ్య
నాకు 71 ఏళ్ళు. మా ఇంట్లో మొదటి బండి అంబాసిడర్. ఈ థ్రెడ్‌లో ఎవరో ఒకరు "ఆ రోజుల్లో అంబాసిడర్ రేకు ఎంత గట్టిదో" అని మొదలెడతారు. ఆ పని నేనే చేసి నేనే ఆపేస్తాను.

రేకు గట్టిదే. సందేహం లేదు. దాని మీద కొబ్బరిబొండాం పడితే బొండాం పగిలింది. పదకొండు మందిమి చినతిరుపతి వెళ్ళొచ్చాం. కానీ ఎనిమిదేళ్ళకి వెనక సీటు కింద ఫ్లోరు తుప్పు పట్టి చిల్లు పడింది. అందులోంచి రోడ్డు కనపడేది. మా పెద్దాడు ఆ చిల్లులోంచి చెరుకు పిప్పి పారేసేవాడు. వర్షాకాలంలో దాని మీద చెక్క పెట్టి, చెక్క మీద గోనెపట్టా వేసి కూర్చునేవాళ్ళం. ఆ చిల్లుకి మేం కంపెనీని తిట్టలేదు. బండంటే అంతే అనుకున్నాం, ఎందుకంటే ఇంకోటి కొనాలంటే క్యూలో ఏళ్ళు గడిచేవి. 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీ ఆపేశారని పేపర్లో చదివినప్పుడు బాధపడ్డాను. ఆ చిల్లు మాత్రం అప్పుడూ గుర్తొచ్చింది.

కాబట్టి పాతవన్నీ గొప్పవి కావు బాబూ. మర్చిపోయాం అంతే.

రావులపాలెం_అరటి
తాతయ్యగారూ, చెరుకు పిప్పికి ప్రత్యేకం చిల్లు. ఇప్పుడు టాప్ మోడల్లో కూడా ఆ ఫీచర్ లేదు.

నరసాపురం_లేసు
తాతయ్యగారు చెప్పింది సగమే ఒప్పుకుంటాను. మాది 2023 బండి, దిండి గారిదే కంపెనీ, మోడల్ వేరు. నేనే నడుపుతాను.

మొదటి వర్షాకాలంలోనే ఎడమవైపు కాళ్ళ దగ్గర కార్పెట్ తడిసిపోయింది. షోరూంకి తీసుకెళ్తే ఆ అబ్బాయి నా మొహం చూడకుండా మావారితోనే మాట్లాడాడు. "మేడం అద్దం దించి మర్చిపోయుంటారు సార్" అని. రెండోసారి "ఏసీ నీళ్ళు" అన్నారు. మూడోసారి నేనొక్కదాన్నే వెళ్ళాను. సర్వీసుకిచ్చేటప్పుడు రాసే జాబ్ కార్డు మీద వాళ్ళ మాటల్లో కాదు, నా మాటల్లో రాయించాను. "వర్షంలో ఎడమ ముందు కార్పెట్ తడుస్తోంది, మూడోసారి" అని. తర్వాత నా ఎదురుగానే బానెట్ ఎత్తి పైపుతో నీళ్ళు కొట్టమన్నాను. పది నిమిషాల్లో దొరికింది. ఇంజను వైపు నుంచి లోపలికి వైర్లు వచ్చే దగ్గర రేకుకి ఒక కన్నం ఉంటుంది, దాన్ని మూసే రబ్బరు బుడిపె ఫ్యాక్టరీలో పెట్టనే లేదు.

చెరువు గాలి, ఉప్పు గాలి ఏదీ కాదు. అర రూపాయి రబ్బరు. పెట్టాల్సిన చోట పెట్టలేదు, చూడాల్సినవాడు చూడలేదు. నాణ్యత అంటే నా లెక్కలో అదే.

కాకినాడ_కాజా
"మేడం అద్దం దించి మర్చిపోయుంటారు సార్" అన్నవాడు ఇప్పుడెక్కడున్నాడండీ?

నరసాపురం_లేసు
అక్కడే ఉన్నాడు. ఇప్పుడు నన్ను చూస్తే లేచి నిలబడతాడు.

డ్రైవర్_ఉభయగోదావరి
నేను ట్యాక్సీ తిప్పుతాను. రాజమండ్రి, అన్నవరం, వైజాగ్, తిరుపతి. దిండి గారి బావగారి సెడానే నాది కూడా. 2016 మోడల్. 2 లక్షల 40 వేలు తిరిగింది. క్లచ్ రెండుసార్లు, టైర్లు, బ్యాటరీలు తప్ప ఇంజను విప్పలేదు. 2023లో అదే మోడల్ కొత్తది ఇంకోటి తీసుకున్నాను. 40 వేలకే ముందు లింకు రాడ్లు కటకటలాడాయి. ఏసీ కూలింగ్ కాయిల్ లీకైంది, డ్యాష్‌బోర్డు మొత్తం దింపారు. దింపి బిగించిన దగ్గర నుంచి అదీ పాడటం మొదలెట్టింది.

అలాగని ఇంజను మాత్రం పాతదానికంటే మెత్తగా ఉంది. హైవే మీద నిద్రొచ్చేంత మెత్తగా. ఏది తగ్గింది ఏది పెరిగింది అని ఒక్క ముక్కలో చెప్పలేను అండి.

రావులపాలెం_అరటి
మీరు చెప్పండి డ్రైవర్ గారూ, మైలేజ్?

డ్రైవర్_ఉభయగోదావరి
ఆయ్, పాతది 22 డీజిల్. కొత్తది పెట్రోల్, 18. అడగకపోతే మీకు అన్నం సహించదనుకుంటాను.

అమలాపురం_మేష్టారు
పాలిటెక్నిక్‌లో మెకానికల్ చెప్తాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, క్షమించాలి.

"రేకు పల్చన" అనే మాటలో మనం రెండు మూడు విషయాలు కలిపేస్తున్నాం. డోరు బయటి రేకు మందం ఇప్పటి బండ్లలో 0.7 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అది వేలితో నొక్కితే లోపలికి పోతుంది, నిజమే. కానీ గుద్దుకున్నప్పుడు మనల్ని కాపాడేది ఆ రేకు కాదు. లోపల స్తంభాల్లా ఉండే పిల్లర్లు, డోర్ల కింద పొడుగ్గా పోయే సిల్, ముందు రెండు దూలాలు. వాటికి ఇప్పుడు హై టెన్సైల్ స్టీల్ వాడుతున్నారు, తక్కువ మందంతో ఎక్కువ బలం. ముందు భాగం కావాలనే నలిగేలా చేస్తారు, దెబ్బ అది మింగితే మన దాకా రాదు. అంబాసిడర్ నలగదు, అందుకని లోపలున్నవాళ్ళు నలుగుతారు.

2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అని బండ్ల భద్రత పరీక్షించే సంస్థ మన దేశంలో అమ్మే ఐదు చిన్న బండ్లని గంటకి 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసింది. ఎయిర్‌బ్యాగులు లేని బేసిక్ మోడళ్ళు. ఐదింటికీ పెద్దల రక్షణలో సున్నా. అదే 2018 చివర్లో నెక్సాన్‌కి ఐదు స్టార్లు వచ్చాయి. 2023 అక్టోబర్ నుంచి మనకే భారత్ ఎన్‌క్యాప్ ఉంది. 2024లో కొత్త డిజైర్‌కి కూడా గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో ఐదు స్టార్లు. అది అంత బరువైన బండేం కాదు. కాబట్టి బలం సంగతికొస్తే పదేళ్ళ కిందటికంటే ఇప్పుడు మెరుగే అని ధైర్యంగా చెప్తాను.

కానీ ఆ స్టార్లు కొత్త బండికి ఇచ్చినవి. తుప్పు గురించి, కిర్రు గురించి, ఊడిన బీడింగ్ గురించి అవి ఒక్క ముక్క చెప్పవు. దిండి గారి బాధ అక్కడ.

డోరు చప్పుడు కూడా మోసమే. లోపల తారు అట్టలాంటిది అంటించి, బీడింగ్ కాస్త లావుది వేస్తే రేకు మారకుండానే "ధబ్" మనే చప్పుడొస్తుంది.

కాకినాడ_కాజా
మేష్టారూ ఇది ఎన్ని మార్కుల ప్రశ్న?

అమలాపురం_మేష్టారు
పదహారు మార్కులు. బొమ్మ గీయకపోతే పది.

ఎర్రవంతెన_అభిమాని
మేష్టారు చెప్పారు కదా మెరుగైందని. ఇంకేం కావాలి? థ్రెడ్ క్లోజ్ చేసేయండి.

నరసాపురం_లేసు
ఆయన రాసిన ఐదు పేరాల్లో మీకు నచ్చిన లైను ఒకటే కనపడిందా?

వలస_కూకట్‌పల్లి
మాది కొత్తపేట, ఉండేది హైదరాబాద్. నాదీ దిండి గారి మోడలే, 2022దే, నెల మాత్రం మార్చి. 44 వేలు తిరిగింది. తుప్పు చుక్క కూడా లేదు. కానీ ఆ వేరుశనక్కాయల చప్పుడు మాత్రం ఉంది, అచ్చంగా అలాగే, గ్లవ్ బాక్స్ వెనక నుంచి. వెనక ఎడమ బీడింగ్ కూడా ఊడింది. అదే డోరు! నేను ఫెవిక్విక్ పెట్టి అంటించాను.

అమలాపురం_మేష్టారు
వలస గారి పోస్టు చాలా పనికొచ్చేది. ఊరు మారితే తుప్పు పోయింది, చప్పుడూ బీడింగూ పోలేదు. అంటే తుప్పులో మన గాలికి వాటా ఉంది, మిగతా రెండూ బండితో పాటే వచ్చాయి.

భీమారం_రొయ్య
చెప్పానా.

పాలకొల్లు_డెంటర్
ఇరవై రెండేళ్ళ నుంచి టింకరింగ్, పెయింటింగ్ చేస్తున్నాను. మా అబ్బాయి చదివి వినిపిస్తుంటే ఊరుకోలేక రాయిస్తున్నాను.

పాత బండి డోరుకి సొట్ట పడితే వెనక దిమ్మ పెట్టి ముందు నుంచి సుత్తితో కొట్టుకుంటూ వచ్చేవాళ్ళం, రేకు మాట వినేది. ఇప్పటి రేకు రెండు దెబ్బలెక్కువైతే సాగిపోయి గుబ్బలా లేస్తుంది. నొక్కితే లోపలికి, వదిలితే బయటికి. అందుకే ఇప్పుడు కుర్రాళ్ళు కొట్టడం మానేసి డోరే మార్చేయమంటున్నారు. మేష్టారు చెప్పిన బలం సంగతి నాకు తెలీదు, చేతికి తెలిసింది చెప్తున్నాను.

తుప్పు విషయం. బండి బాడీని ఫ్యాక్టరీలో ఒక తొట్టెలో ముంచి కరెంటు పెట్టి మొదటి కోటు పట్టిస్తారు. అది సందుల్లోకి కూడా పోతుంది. ఆ తర్వాత డోరు అంచుల్లో, రెండు రేకులు మడిచి కలిపే చోట, సీలర్ అని బంక లాంటిది పొడుగునా గీస్తారు. నేను విప్పిన పాత బండ్లలో ఆ బంక లావుగా, వంకరటింకరగా ఉండేది కానీ ఎక్కడా తెగేది కాదు. ఇప్పటివాటిలో సన్నగా, గీత గీసినట్టు అందంగా ఉంటుంది. కొన్ని బండ్లలో మాత్రం జానెడు, బెత్తెడు అసలు ఉండదు. అన్నిటికీ కాదు. ఒకే మోడల్, ఒకే రంగు, రెండు బండ్లు పక్కపక్కన పెట్టి విప్పితే ఒకదానికి ఉంది, ఇంకోదానికి లేదు. నేనైతే తగ్గింది అనను. నిలకడ పోయింది అంటాను.

దిండి బాబూ, నీ డిక్కీ డోరు మీద మెరిసే స్టీలు పట్టీ ఏమన్నా వేయించావా? మూడు పనులు చేయి. ఆ పట్టీ ఊడదీయించు. డోర్ల కింద నీళ్ళు పోయే చిన్న కన్నాలుంటాయి, పుల్ల పెట్టి చూడు మట్టితో మూసుకుపోయాయేమో. డిక్కీ బీడింగ్ లాగి లోపలి అంచు చూడు.

దిండి_రేవు
పట్టీ ఉందండి. షోరూంవాళ్ళే యాక్సెసరీస్ ప్యాకేజీలో వేశారు. వద్దన్నా వినలేదు. ఆదివారం పాలకొల్లు వస్తాను మీ దగ్గరికి.

పాలకొల్లు_డెంటర్
ఆదివారం మధ్యాహ్నం దాకా ఉంటాను. తర్వాత కోడిపుంజు పని ఉంది.

గట్టు_కాపలా (మోడరేటర్)
పుంజు పని గురించి ఇక్కడ వద్దు.

లంక_బాబాయ్
తుప్పు అంటే గుర్తొచ్చింది. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్ళు సీటు బెల్టు పూర్తిగా చివరిదాకా లాగి చూడండి. 2022 జులై వరదకి ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి పోయింది కదా, మా లంకల్లో ఇంటి ముందున్న బండి ముందున్నట్టే మునిగింది. ఆ బండ్లు కొన్ని కడిగి, పాలిష్ చేసి వేరే జిల్లాల్లో అమ్మేశారు. సీట్లు మార్చారు, కార్పెట్లు మార్చారు, బెల్టు చివర మాత్రం ఎవరూ ఉతకలేదు. అక్కడ బురద గీత ఉంటుంది. మా బావమరిది అలాంటిదే కొని ఇప్పుడు కంపెనీని తిడుతున్నాడు, వైర్లన్నీ పచ్చగా చిలుం పట్టాయని. గోదారి చేసినదానికి కంపెనీ ఏం చేస్తుంది?

ఇంకోటి. మునిగిన బండికి తాళం తిప్పకండి. ఇంజన్లోకి నీళ్ళు పోయి ఉంటే రాడ్డు వంగిపోతుంది. అలాగే టోయింగ్ చేయించండి. ఇంజన్ ప్రొటెక్ట్ అని ఇన్సూరెన్సులో వేరే కవర్ ఉంటుంది, గట్టు లోపల ఉండేవాళ్ళు కాస్త ఎక్కువైనా తీసుకోండి.

వలస_కూకట్‌పల్లి
బాబాయ్, ఈ ఒక్క పోస్టుకే ఈ థ్రెడ్ సేవ్ చేసుకున్నాను.

ఎర్రవంతెన_అభిమాని
కోటిపల్లి రేవులో పంటు ఎక్కించేటప్పుడు బంపర్ కింద గీసుకుపోయిందని కూడా కంపెనీ మీదే వేస్తారేమో మీరు.

డ్రైవర్_ఉభయగోదావరి
అది మాత్రం డ్రైవర్ తప్పే. ఆ బల్ల మీదకి కాస్త ఏటవాలుగా ఎక్కించాలి.

కాకినాడ_కాజా
నేను చెప్పేది ఎవరికీ నచ్చదు కానీ చెప్తాను. షోరూంకి వెళ్ళి మనం ఏం అడుగుతాం? అరటి గారు అడిగేది మైలేజ్. మా ఆవిడ అడిగింది సన్‌రూఫ్. మా అబ్బాయి అడిగింది స్క్రీన్ ఎన్ని అంగుళాలు అని. నేను అడిగింది డిస్కౌంటు. నలుగురిలో ఒక్కరం డోరు కింద సీలర్ ఉందా అని వంగి చూడలేదు. వాడికి ఒక ధర దాటకూడదు, స్క్రీన్ పెద్దది పెట్టాలి, ఆరు ఎయిర్‌బ్యాగులు పెట్టాలి, పొగ తగ్గించాలని 2020 నుంచి బీఎస్ 6 సామాను కూడా పెట్టాలి. ఎక్కడో ఒకచోట మిగల్చాలి కదా. మనం చూడని చోట మిగిలిస్తాడు. క్లిప్పులో, బీడింగులో, బంకలో.

నరసాపురం_లేసు
మీ మాటలో నిజం ఉంది కానీ, పన్నెండు లక్షలు ఇచ్చినవాళ్ళం వంగి చూడాల్సిన పనేంటి? చూడటానికి వాళ్ళకి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకున్నారు కదా.

కాకినాడ_కాజా
అదీ నిజమే.

యానాం_నంబర్
డెలివరీ రోజు నేను వంగి చూశానండి. కొబ్బరికాయ కొట్టకముందే. పంతులుగారు టైం అయిపోతోందని కేకలేశారు. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, ముందు రెండూ వారం, వెనక రెండూ సంవత్సరం. నాలుగు టైర్లు ఒక వారానివి, స్టెప్నీ ఏడాది పాతది. అడిగితే మార్చారు. ఎడమ డోరు రంగు మిగతాదానికంటే పిసరు తేడా ఉంది, ఎండలో పెడితేనే తెలుస్తుంది. యార్డులో ఏదో తగిలి మళ్ళీ రంగేశారని అడిగితే ఒప్పుకోలేదు, పక్క బండి ఇచ్చారు. షోరూం లోపల లైట్ల కింద డెలివరీ తీసుకోకండి, బయట ఎండలోకి తెప్పించుకోండి.

రావులపాలెం_అరటి
యానాంలో రిజిస్ట్రేషన్ చేయించుకుని మిగిలిన డబ్బులతో భూతద్దం కొన్నారా?

యానాం_నంబర్
మాది నిజంగానే యానాం. పీవై 04 నంబరు ప్లేటు అంటే అందరూ అదే జోకు వేస్తారు.

ఆత్రేయపురం_రేకు
మా బండికి ఎలుకలు వైర్లు కొరికేశాయి. మాసూళ్ళ టైములో చేలో నుంచి వచ్చి ఇంజన్లో కాపురం పెట్టాయి. ఇది కూడా నాణ్యత కిందకి వస్తుందా?

తణుకు_తాతయ్య
ఎలుక నాణ్యత పెరిగింది.

కాకినాడ_కాజా
మీ పేరు చూసి రేకు గురించి ఏదో చెప్తారనుకున్నాను. పూతరేకా!

దిండి_రేవు
పాలకొల్లు వెళ్ళొచ్చాను. డెంటర్ గారు టీ ఇచ్చి మరీ చూపించారు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

స్టీలు పట్టీ ఊడదీశారు. దాన్ని అంటించలేదు, రెండు స్క్రూలు కొట్టారు. కన్నాలు వేసినచోట పచ్చి రేకు, రంగు గానీ గ్రీజు గానీ ఏమీ లేదు. కుడివైపు తుప్పు మొత్తం ఆ కన్నం నుంచే పాకింది. ఇది ఫ్యాక్టరీ తప్పు కాదు, షోరూం చేతిపని.

తర్వాత బీడింగ్ లాగి చూపించారు. కుడివైపు లోపలి అంచున బంక పొడుగునా ఉంది. ఎడమవైపు జానెడు మేర లేదు. రేకు మడత నోరు తెరుచుకుని ఉంది, అందులో తెల్లగా ఉప్పు పేరుకుంది. నాలుక్కి పెట్టి చూశాను, ఉప్పే. ఇది మాత్రం ఫ్యాక్టరీదే. స్క్రూ అక్కడికి దరిదాపుల్లో కూడా లేదు.

డోర్ల కింద కన్నాలు నాలుగిట్లో మూడు మూసుకుపోయాయి. పుల్ల పెట్టి తీస్తే కాలువ గట్టు మట్టి. అది నా తప్పు.

గ్లవ్ బాక్స్ విప్పితే వెనక ఒక క్లిప్పు లేదు. విరిగిపోయి లోపల పడిందేమో అని వెతికారు, ముక్క కూడా దొరకలేదు. అసలు పెట్టలేదన్నమాట. క్లిప్పు పెట్టి, ప్లాస్టిక్కు ప్లాస్టిక్కు రాసుకునే చోట ఫెల్టు టేపు అంటించారు. తిరుగు ప్రయాణంలో చించినాడ వంతెన దాటి ఇంటికొచ్చేదాకా ఒక్క చప్పుడు లేదు. మా ఆవిడ "రేడియో ఆపేశారా" అంది.

వలస_కూకట్‌పల్లి
నేనూ విప్పి చూశాను ఇప్పుడే. నాకూ అదే క్లిప్పు లేదు!!

అమలాపురం_మేష్టారు
తొమ్మిది నెలల తేడాతో తయారైన రెండు బండ్లలో ఒకే క్లిప్పు లేదంటే, పొరపాటున మర్చిపోయింది కాకపోవచ్చు. ఇంకో ఇద్దరు ముగ్గురు చూసి చెప్తే బాగుంటుంది.

భీమారం_రొయ్య
నాది 2021. క్లిప్పు ఉంది. తుప్పే ఎక్కువ.

నరసాపురం_లేసు
దిండి గారూ, ఇప్పుడే ఏమీ బాగు చేయించేయకండి. ఆ జానెడు సందు ఫోటోలు తేదీ పడేలా తీయండి, కుడీ ఎడమా పక్కపక్కన. వారంటీ బుక్కులో తుప్పు గురించి ఏం రాశారో చదవండి, కొన్నిట్లో చిల్లు పడితేనే వర్తిస్తుందని ఉంటుంది, పై తుప్పుకి కాదు. షోరూంకి, కంపెనీ కస్టమర్ కేర్‌కి ఒకే మెయిల్ పెట్టండి, ఫోన్లో మాట్లాడితే సాక్ష్యం ఉండదు. పలకకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. ఆ తర్వాత జిల్లా కమిషన్, ఆన్‌లైన్లోనే వేయొచ్చు.

ఎర్రవంతెన_అభిమాని
సరే, ఆ సీలర్ సంగతి ఒప్పుకుంటున్నాను. నా బండి కూడా చూసుకున్నాను. ఉంది. మొత్తం ఉంది. కానీ డోరు కన్నాలు మూసుకుపోయి ఉన్నాయి, చెప్పినందుకు థాంక్స్.

కాకినాడ_కాజా
ఈ రోజు గోదారి వెనక్కి పారింది.

దిండి_రేవు
మూడు వారాల తర్వాత అప్‌డేట్.

షోరూంవాళ్ళు మొదట "పట్టీ యాక్సెసరీ కదా సార్, వారంటీలోకి రాదు" అన్నారు. పట్టీ వాళ్ళ బిల్లులోనే ఉందని చూపించాను. మేనేజరు వచ్చి, కుడివైపు తుప్పు వాళ్ళ ఖర్చుతో గీకి రంగేయిస్తామన్నారు. ఎడమవైపు సందు సంగతి కంపెనీకి పంపారు. కంపెనీ నుంచి ఒక మనిషి వచ్చి టేపు పెట్టి కొలుచుకుని, ఫోటోలు తీసుకుని వెళ్ళాడు. "ఇది ఉండాల్సింది కదా" అంటే నవ్వాడు కానీ కాగితం మీద ఏమీ రాయలేదు. జవాబు రాలేదు. వారం చూసి 1915కి చేస్తాను.

బీడింగ్ కొత్తది వేశారు. డోరు చప్పుడు మాత్రం అలాగే ఉంది, నూనె డబ్బాయే.

రావులపాలెం_అరటి
తారు అట్ట వేయించండి, మేష్టారు చెప్పినట్టు. మైలేజ్ తగ్గదు కదా దానికి?

పాలకొల్లు_డెంటర్
తగ్గదు. నాలుగు డోర్లకీ రెండు గంటల పని.

తణుకు_తాతయ్య
ఇంతకీ నాన్నగారి 2008 బండి అమ్ముతారేమో కనుక్కోండి బాబూ. మా మనవడికి డ్రైవింగ్ నేర్పించాలి.

దిండి_రేవు
అడిగాను తాతయ్యగారూ. "నీ బండి అమ్ముకో" అన్నారు.